ఉరుముల రాత్రి తర్వాత డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదు: మదర్‌బోర్డు మార్చక తప్పదా?

ప్రశ్న: విద్యానగర్_డీటీపీ

అందరికీ నమస్కారం. నేను విద్యానగర్‌లో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. చిన్న ప్రచురణకర్తలు, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలు ఇచ్చే రాతప్రతులకు అక్షరకూర్పు, పేజీల అమరిక చేసి ప్రెస్సుకు పంపుతాను. డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు అందవలసిన పుస్తకాలు ఇప్పుడు నా చేతిలో ఉన్నాయి. అవన్నీ ఉన్న డెస్క్‌టాప్ మాత్రం ఆన్ కావడం లేదు.

మొన్న రాత్రి ఉరుములు మెరుపులతో పెద్ద వాన పడుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ మీద కాసేపు నడిపించి, ఫైళ్లన్నీ సేవ్ చేసి, విండోస్‌ను పద్ధతిగానే షట్‌డౌన్ చేశాను. అప్పటికి పని చూసుకోవడానికి వచ్చి ఉన్న రచయిత ఒకరు ఆ చీకట్లోనే తన పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లారు. మర్నాడు ఉదయం బటన్ నొక్కితే ఏ చలనమూ లేదు. ఫ్యాన్ తిరగదు, బీప్ శబ్దం రాదు, క్యాబినెట్ ముందుండే లైటు వెలగదు. మానిటర్‌కు మాత్రం కరెంటు వస్తోంది. యూపీఎస్ కూడా బాగానే ఉంది, దానికి టేబుల్ ల్యాంపు పెడితే వెలుగుతోంది.

దగ్గరలో ఉన్న ఒక దుకాణానికి క్యాబినెట్ తీసుకువెళ్తే, వాళ్లు తమ దగ్గరున్న మరో ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన తక్కువ వోల్టులుగా మార్చి ఇచ్చే పెట్టె) తగిలించి చూశారు. దానితో కూడా ఆన్ కాలేదు. అందువల్ల పిడుగు ప్రభావానికి మదర్‌బోర్డు పోయిందని, ఆ తరం బోర్డు కొత్తది ఇప్పుడు దొరకదు కనుక బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి మార్చుకోవాలని చెప్పారు. డబ్బు సంగతి ఒకటైతే, అను ఫాంట్లు, పేజ్‌మేకర్, నా పాత టెంప్లేట్లు అన్నీ మళ్లీ కొత్త మెషీన్‌లో కుదుర్చుకోవడం ఈ ఒత్తిడిలో నాకు అంతకంటే పెద్ద భారం. బోర్డు నిజంగానే పోయిందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా? మా తమ్ముడి మల్టీమీటర్ ఇంట్లో ఉంది, వోల్టేజి చూడడం నాకు తెలుసు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. చాలాకాలంగా ఈ క్యాబినెట్ వెనుక రేకును ముట్టుకుంటే వేళ్లకు సన్నగా జివ్వుమంటుంది. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: బోర్డు_మరమ్మతు

నమస్కారమండీ. నేను సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు దగ్గరలో డెస్క్‌టాప్ బోర్డులు రిపేరు చేస్తాను. బోర్డు పోయిందన్న మాటను అప్పుడే ఒప్పుకోవద్దు. వేరే ఎస్‌ఎంపీఎస్‌తో కూడా ఆన్ కాలేదంటే మీ ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం తగ్గుతుంది, అంతవరకు నిజం. కానీ అప్పుడు మిగిలేది బోర్డు ఒక్కటే కాదు. బోర్డుకు తగిలించి ఉన్న ప్రతి వస్తువూ, ప్రతి వైరూ కూడా అనుమానితుల్లోనే ఉంటాయి. వాటన్నిటినీ అలాగే ఉంచి ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం మార్చి చూసి బోర్డు పోయిందని తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది.

ముందుగా మీ ఫైళ్ల గురించి ఒక మాట. కంప్యూటర్ ఆన్ కాకపోవడానికీ డిస్కు పాడవడానికీ నేరుగా సంబంధం లేదు. డిస్కును బయటకు తీసి, యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌తో ఇంకెవరి ల్యాప్‌టాప్‌కైనా తగిలించి, పుస్తకాల ఫైళ్లను కాపీ చేసుకోండి. మీది మూడున్నర అంగుళాల హార్డ్‌డిస్క్ అయితే దానికి 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి, విడిగా కరెంటు ప్లగ్గు ఉన్న అడాప్టరే తీసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ అయితే మామూలు అడాప్టర్ చాలు. ఆ కాపీ చేతికి వచ్చాక మిగిలిన పరీక్షలన్నీ నిదానంగా చేసుకోవచ్చు.

తర్వాత కరెంటు వచ్చే దారిని గోడ దగ్గర నుంచి చూసుకుంటూ రండి. మానిటర్‌కు వాడే కరెంటు కేబుల్, క్యాబినెట్‌కు వాడే కేబుల్ సాధారణంగా ఒకే రకం. రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడండి. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే స్విచ్ సున్నా గుర్తు వైపు కాకుండా గీత గుర్తు వైపు నొక్కి ఉందో లేదో చూడండి, దుకాణానికి వెళ్లి వచ్చిన క్యాబినెట్లలో అది ఆఫ్‌లో ఉండిపోవడం మామూలే. ఆ తర్వాత కేబుల్ పూర్తిగా తీసేసి, ముందున్న పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుని, కాసేపు ఆగి మళ్లీ పెట్టి చూడండి. ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయినప్పుడు, కరెంటు పూర్తిగా తీసేస్తే తప్ప ఆ స్థితి నుంచి బయటకు రాదు.

అప్పటికీ కదలిక లేకపోతే బటన్‌నే అనుమానించండి. క్యాబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్నని వైర్లు బోర్డు మూలన ఉన్న పిన్నులకు తగిలించి ఉంటాయి. అందులో పవర్ స్విచ్ అని రాసి ఉన్న వైరును తీసేసి, అది ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. అక్కడ ఉండేది 5 వోల్టులకు మించని వోల్టేజి కనుక భయం లేదు. అలా కలిపినప్పుడు ఆన్ అయితే పోయింది బటన్ మాత్రమే.

ఇవేవీ కాకపోతే అసలు ప్రశ్నకు రావాలి, ఇది అర్థమైతే మిగిలినదంతా తేలిక. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, సాకెట్‌లో కరెంటు ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం పనిచేస్తూనే ఉంటుంది. ఇల్లంతా నిద్రపోతున్నా గేటు దగ్గర మేలుకుని ఉండే వాచ్‌మన్ లాంటిది అది. దాని నుంచి వచ్చే 5 వోల్టులు, 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో 9వ పిన్ను ద్వారా, అంటే ఊదా రంగు వైరు ద్వారా బోర్డుకు చేరతాయి. దీన్నే స్టాండ్‌బై వోల్టేజి అంటాము. మీరు బటన్ నొక్కినప్పుడు, ఆ 5 వోల్టులతో మేలుకుని ఉన్న బోర్డు 16వ పిన్నును, అంటే ఆకుపచ్చ వైరును, గ్రౌండ్‌కు (నల్ల వైర్లకు) కలుపుతుంది. ఆ సంకేతం అందాకే ఎస్‌ఎంపీఎస్ మిగిలిన 12, 5, 3.3 వోల్టుల సరఫరాలను మొదలుపెడుతుంది. ఊదా వైరులో 5 వోల్టులు లేకపోతే మీరు బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఆ నొక్కును గుర్తించగలిగినది లోపల ఏదీ లేనట్టే.

కాబట్టి రెండు కొలతలు తీసి ఇక్కడ రాయండి. మొదటిది, 24 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి పూర్తిగా తీసేసి, కరెంటు ఇచ్చి, ఊదా వైరుకూ ఏదైనా నల్ల వైరుకూ మధ్య వోల్టేజి. రెండవది, కనెక్టర్‌ను బోర్డుకు తగిలించి, మీటర్ మొనను కనెక్టర్ వెనుక వైపు నుంచి ఊదా వైరు పక్కగా లోపలికి దూర్చి తీసిన వోల్టేజి. 4.75 నుంచి 5.25 వరకు ఎంత వచ్చినా సరైనదే. బోర్డు మీద ఎక్కడైనా చిన్న లైటు వెలుగుతోందేమో కూడా చూడండి. కనెక్టర్ తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ కరెంటు కేబుల్ తీసేసి ఉండాలి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు వైర్లన్నీ నలుపు రంగులోనే ఉంటాయి, అప్పుడు రంగును కాక పిన్ను నంబరును చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక మాత్రం తప్పకుండా పాటించండి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను ఏ కారణంతోనూ విప్పవద్దు. మన 230 వోల్టుల కరెంటు దాని లోపల దాదాపు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో నిలువ ఉంటుంది, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కొంతసేపు అది ప్రాణం తీయగల స్థాయిలో ఉంటుంది.

పిడుగు సంగతి కూడా కొట్టిపారేయలేము. మేడల మీదుగా, స్తంభాల మీదుగా ఇంటర్నెట్ తెచ్చే రాగి లాన్ కేబుల్ మీ కంప్యూటర్‌కు నేరుగా వస్తుంటే చెప్పండి. వానాకాలంలో నా దగ్గరకు వచ్చే బోర్డుల్లో దెబ్బ కరెంటు వైరు నుంచి కాక లాన్ పోర్టు గుండా వచ్చినవి చాలా ఉంటాయి.

విద్యానగర్_డీటీపీ

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఫైళ్లు కాపీ అయ్యాయి, సగం ప్రాణం కుదుటపడింది. ఇంటర్నెట్ ఫైబర్ ద్వారా రౌటర్‌కు వస్తుంది, కంప్యూటర్ వైఫై మీదే నడుస్తుంది, లాన్ కేబుల్ లేదు.

కేబుళ్లు మార్చి చూశాను, స్విచ్ సరిగానే ఉంది, స్క్రూడ్రైవర్‌తో కలిపినా కదలిక లేదు. కనెక్టర్ విడిగా ఉన్నప్పుడు ఊదా వైరులో 5.08 వోల్టులు వచ్చాయి. బోర్డుకు తగిలించగానే 1 వోల్టు కంటే తక్కువకు పడిపోయి, అంకె స్థిరంగా నిలవకుండా ఊగుతోంది. బోర్డు మీద లైటు ఏదీ వెలగడం లేదు. దీన్నిబట్టి బోర్డు పోయినట్టేనా?

జవాబు: పాత_మెషీన్లు_కూకట్‌పల్లి

నా అభిప్రాయం వేరు. ఈ కొలతలన్నిటికంటే, బాగా పనిచేస్తున్నదని తెలిసిన ఒక ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడడమే మామూలు మనిషికి సులభమైన పద్ధతి. అది ఇప్పటికే జరిగింది, ఫలితం రాలేదు. గడువు దగ్గర పడుతున్నప్పుడు పాత బోర్డు మీద రోజులు వెచ్చించడం కంటే, మూడూ మార్చుకుని పనిలో పడడం మేలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కూడా. పాత మెషీన్‌ను ఎలాగూ ఎక్కువ కాలం నడపలేరు.

జవాబు: పాలిటెక్నిక్_ఎలక్ట్రానిక్స్

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధిస్తాను. పై మిత్రుడు చెప్పినట్టు గడువు ముఖ్యమే, కానీ ఈ కొలతలకు పట్టేది ఒక పూట మాత్రమే. అదీగాక, వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూసే పద్ధతి ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. లోపం ఎస్‌ఎంపీఎస్‌లో ఉంటే ఆ పద్ధతి దాన్ని పట్టుకుంటుంది. బోర్డు వైపు ఎక్కడో షార్టు ఉంటే మాత్రం ఎంత కొత్త ఎస్‌ఎంపీఎస్ తెచ్చినా అదే విధంగా ఆగిపోతుంది, చూసేవారికి బోర్డు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. ఆ షార్టు బోర్డులోనే ఉందా, బోర్డుకు వేలాడుతున్న ఏదో ఒక వైరులో ఉందా అన్నది ఆ పరీక్ష చెప్పదు. దుకాణంలో జరిగింది అదే అయి ఉండవచ్చు.

మీ కొలతలకు రెండు అర్థాలు సాధ్యం. ఒకటి, ఎస్‌ఎంపీఎస్‌లోని స్టాండ్‌బై భాగం బలహీనపడి, ఖాళీగా ఉన్నప్పుడు 5 వోల్టులు చూపించి, కాస్త భారం పడగానే కూలిపోతోంది. ఈ భాగంలో ఉండే చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడిలో ఎండిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. అటువంటి మెషీన్‌కు ఒక లక్షణం ఉంటుంది: కరెంటు తీయకుండా ఉంచినంతకాలం రోజూ బాగానే ఆన్ అవుతుంది, ఊరు వెళ్లి వచ్చాకో, గంటల తరబడి కరెంటు పోయాకో మాత్రం మొండికేస్తుంది. రెండవది, ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉంది, అవతలి వైపు షార్టు వల్ల అంతులేని కరెంటు లాగబడుతోంది, అందుకని అది ఆగుతూ, మళ్లీ ప్రయత్నిస్తూ, మళ్లీ ఆగుతోంది. అంకె స్థిరంగా నిలవకుండా ఊగడం ఈ రెండవ దానివైపే ఎక్కువగా సూచిస్తోంది, అయినా ఊహతో ఆగవద్దు.

తేల్చడానికి కావలసింది 10 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి. కోఠిలో గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగినా ఇస్తారు, చాలా తక్కువ ధర. కరెంటు తీసేసి, కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీసి, రెసిస్టర్ కాళ్లలో ఒకటి ఊదా వైరు ఉన్న రంధ్రంలోనూ, రెండవది నల్ల వైరు ఉన్న రంధ్రంలోనూ గట్టిగా దూర్చండి. కాళ్లు పక్కనున్న లోహాన్ని తాకకూడదు. అప్పుడు కరెంటు ఇచ్చి వోల్టేజి చూడండి. 5 వోల్టులను 10 ఓమ్‌లతో భాగిస్తే అర ఆంపియరు, రెసిస్టర్‌లో వేడిగా మారేది రెండున్నర వాట్లు. కాబట్టి అది వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోవద్దు, కొలత చూడగానే ఆపేయండి. ఆఫ్‌లో ఉన్న ఆరోగ్యమైన బోర్డు ఈ వైరు నుంచి అర ఆంపియరుకు చాలా తక్కువగానే లాగుతుంది. రెసిస్టర్ ఉన్నప్పుడు కూడా వోల్టేజి 4.75కు పైన నిలిస్తే మీ ఎస్‌ఎంపీఎస్‌లోని ఆ భాగానికి లోపం లేనట్టే. పడిపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చాలి.

నిలిచినట్టయితే తర్వాతి పని బోర్డును ఒక్కొక్కటిగా ఖాళీ చేయడం. ఏ వరుసలో తీయాలన్నది ముఖ్యం. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లాంటివాటితో కాదు, ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా స్టాండ్‌బై కరెంటు అందుకునేవాటితో మొదలుపెట్టాలి. అందులో అన్నిటికంటే ముందు వచ్చేది యూఎస్‌బీ. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని మెషీన్లలో మౌస్ లైటు వెలుగుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. అది ఈ ఊదా వైరు నుంచి వచ్చే కరెంటే. కీబోర్డు, మౌస్, ప్రింటర్, వైఫై రిసీవర్ అన్నీ తీసేయండి. క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ పోర్టుల నుంచి బోర్డుకు వచ్చే తొమ్మిది పిన్నుల కనెక్టర్‌ను కూడా బోర్డు దగ్గరే తీసేయండి. పోర్టులో ఏమీ పెట్టి లేదు కదా అని దాన్ని వదిలేయవద్దు.

మీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను ఆపింది. చీకట్లో పెన్‌డ్రైవ్ తీశారని రాశారు. అది ముందున్న పోర్టు అయితే టార్చిలైటు వేసి ఆ పోర్టు లోపల జాగ్రత్తగా చూడండి. ప్లాస్టిక్ నాలుక మీద నాలుగు సన్నని రేకులు వరుసగా కనిపించాలి. పెన్‌డ్రైవ్‌ను వంకరగా లాగినప్పుడు ఆ నాలుక విరిగి, 5 వోల్టుల రేకు పోర్టు లోహపు తొడుగుకు తగిలిందంటే అది నేరుగా గ్రౌండ్‌తో షార్టు.

జవాబు: బోర్డు_మరమ్మతు

మాస్టారు చెప్పిన యూఎస్‌బీ సంగతిని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. పెన్‌డ్రైవులు రోజంతా పెట్టే, తీసే డీటీపీ సెంటర్లు, జిరాక్స్ షాపుల మెషీన్లలో ముందు పోర్టులే ముందుగా పాడవుతాయి. బోర్డు మీద యూఎస్‌బీ సరఫరాకు రీసెట్ అయ్యే ఫ్యూజు ఉంటుంది కదా అని అడగవచ్చు. ఉంటుంది, కానీ అది వేడెక్కి దారి మూసేలోపే ఎస్‌ఎంపీఎస్ తన రక్షణతో తానే ఆగిపోతే, ఆ ఫ్యూజు పని చేసే అవకాశమే రాదు.

కూకట్‌పల్లి మిత్రుడి మాటకు ఒక చేర్పు. ఎస్‌ఎంపీఎస్ మార్చి చూసేవారు కేబుళ్ల విషయంలో ఏమరుపాటుగా ఉండకూడదు. కేబుళ్లు విడిగా ఊడివచ్చే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే, ఒకదాని కేబుళ్లను మరోదానికి ఎప్పుడూ వాడవద్దు. బోర్డు వైపు కనెక్టర్లు అందరివీ ఒకటే అయినా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా మారుతుంది. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, 5 వోల్టులు రావలసిన చోట 12 వస్తాయి, డిస్కులు కాలిపోతాయి. అలా పోయిన డిస్కుల నుంచి డేటా తీయడానికి అయ్యే ఖర్చు కొత్త కంప్యూటర్ ఖర్చును దాటగలదు.

విద్యానగర్_డీటీపీ

మాస్టారికి, మరమ్మతు గారికి నమస్కారాలు. కోఠి వెళ్లి రెసిస్టర్ తెచ్చాను. అది తగిలించి ఉన్నప్పుడు 5.02 వోల్టులు వచ్చాయి, కదలకుండా నిలిచాయి. అంటే ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉంది.

తర్వాత వెనుకనున్నవన్నీ తీసేసి చూస్తే మార్పు లేదు. ముందు పోర్టుల కనెక్టర్‌ను బోర్డు నుంచి తీసి, కరెంటు ఇవ్వగానే బోర్డు మూలన చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది. ఊదా వైరులో 5.05 వోల్టులు. బటన్ నొక్కితే మామూలుగా ఆన్ అయింది, విండోస్ వచ్చింది, పేజీలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తీసేసిన ఆ కేబుల్‌లో ఎర్ర వైరుకూ నల్ల వైరుకూ మధ్య మీటర్ పెడితే బీప్ మోగుతోంది, అంటే ఆ రెండూ లోపల షార్టు అయ్యాయి. టార్చి వేసి చూస్తే పోర్టులలో ఒకదాని నాలుక మొదట్లో విరిగి పైకి లేచి ఉంది, రెండు రేకులు మెలిపడి అంచును తాకుతున్నాయి. ఆ రచయితకు ఈ సంగతి తెలియదు, తెలియజేయవలసిన అవసరం కూడా నాకు కనిపించలేదు.

ఇప్పుడు ముందు పోర్టులను అలాగే విప్పి ఉంచి, వెనుక పోర్టుకు ఒక పొడుగు యూఎస్‌బీ కేబుల్ పెట్టి టేబుల్ మీదకు తెచ్చుకున్నాను, పెన్‌డ్రైవులన్నీ ఇకనుంచి దానికే. అది విరిగినా కేబుల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ఇక ఆ జివ్వుమనడం గురించి ఎవరైనా చెప్పగలిగితే సంతోషిస్తాను. అది ఇంకా అలాగే ఉంది.

జవాబు: వైరింగ్_పని_మల్కాజ్‌గిరి

అమ్మా, నేను ఎలక్ట్రీషియన్‌ను. మెషీన్ ఆన్ కాకపోవడానికీ ఆ జివ్వుమనడానికీ సంబంధం లేదు. కానీ ఆ రెండింటిలో ముందుగా సరిచేయించవలసింది నా దృష్టిలో ఇదే.

ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు లోపలికి వచ్చే చోట, శబ్దాన్ని వడగట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి క్యాబినెట్ రేకుకు, రెండవది న్యూట్రల్ నుంచి అదే రేకుకు. మూడవ పిన్నుకు ఎర్త్ సరిగా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే ఆ రేకు 230 వోల్టులకూ సున్నాకూ మధ్యలో, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అలాగని వదిలేయకూడదు. ఎప్పుడైనా లోపల ఇన్సులేషన్ తెగి ఫేజ్ నేరుగా రేకుకు తగిలితే, ఆ కరెంటు పోవడానికి ఎర్త్ దారి లేదు, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్) పడదు, ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. ఇంకా, మీరు వాడే స్పైక్ బస్టర్‌లో ఫేజ్‌ను, న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే రక్షణ భాగాలు ఉంటే, ఎర్త్ లేనిచోట అవి ఉన్నా లేనట్టే. ఉరుముల కాలంలో అది పెద్ద లోటు.

ముందు మీ యూపీఎస్ ప్లగ్గు ఎక్కడ పెట్టారో చూడండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు రంధ్రాల సాకెట్‌లో పెట్టడానికి మధ్యలో కన్వర్టర్ వాడుతున్నా, రెండు వైర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతున్నా లోపం అక్కడే. అవి లేకుండా నేరుగా గోడకే పెట్టి ఉంటే, ఆ సాకెట్ వెనుక ఆకుపచ్చ వైరు ఊడిపోయి ఉండవచ్చు, లేదా పాత ఇంట్లో ఎర్త్ పిట్ ఎండిపోయి ఉండవచ్చు. ఇది మీరు మీటర్ పట్టుకుని చూడవలసిన పని కాదు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆయన ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూసి, ఎర్త్ నిరోధాన్ని కూడా కొలిచి చెబుతారు.

ఒక్క పని మాత్రం ఎవరు సలహా ఇచ్చినా చేయనివ్వవద్దు. పాత ఇళ్లలో కొందరు ఎర్త్ లాగే శ్రమ ఎందుకని సాకెట్ వెనుకే న్యూట్రల్ వైరును ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. జివ్వుమనడం వెంటనే ఆగిపోతుంది, పని అయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ ఎప్పుడైనా ఆ లైనులో న్యూట్రల్ తెగిందంటే, అదే ఇంట్లో ఆన్‌లో ఉన్న ఏ బల్బు గుండానో ఫేజ్ మీ క్యాబినెట్ రేకుకు వచ్చి చేరుతుంది. అప్పుడది జివ్వుమనడంతో ఆగదు. అపార్ట్‌మెంట్ మెయిన్ దగ్గర న్యూట్రల్ వదులైతే మూడు ఫేజుల మధ్య సమతూకం పోయి, కొన్ని ఇళ్లకు 230 కంటే చాలా ఎక్కువ, 400 వోల్టులకు దగ్గరగా కూడా రావచ్చు. గాలివాన తర్వాత ఒకే భవనంలో టీవీలు, ఎస్‌ఎంపీఎస్‌లు కలిసి పోయాయని విన్నప్పుడు చాలాసార్లు కారణం ఇదే ఉంటుంది, అందరూ పిడుగు అనుకుంటారు. పిలిపించినప్పుడు మెయిన్ బోర్డులో న్యూట్రల్ బిగింపు కూడా చూడమని చెప్పండి.

విద్యానగర్_డీటీపీ

మీరు చెప్పినట్టే యూపీఎస్‌కు రెండు పిన్నుల కన్వర్టర్ ఉంది, ఈ గదిలోకి మారినప్పటి నుంచీ. అది తీసేసి, ఎర్త్ ఉన్న సాకెట్ గదిలోకి లాగడానికి ఎలక్ట్రీషియన్‌కు కబురు చేశాను. ఆ పని అయ్యేవరకు మెషీన్‌ను హాల్లో ఉన్న మూడు పిన్నుల సాకెట్ దగ్గర పెట్టుకున్నాను. అక్కడ రేకు ముట్టుకుంటే ఏమీ తెలియడం లేదు.

ప్రశ్న: ఈసీఐఎల్_పాఠకుడు

ఇదే చోట అడగవచ్చనుకుంటున్నాను. మా మెషీన్‌లో బోర్డు లైటు వెలుగుతోంది, ఊదా వైరులో 5 వోల్టులు ఉన్నాయి. బటన్ నొక్కితే ప్రాసెసర్ ఫ్యాన్ ఒక్క క్షణం కదిలి ఆగిపోతోంది. నేను కూడా యూఎస్‌బీ దగ్గరే మొదలుపెట్టాలా?

జవాబు: బోర్డు_మరమ్మతు

యూఎస్‌బీ తీసి చూడడానికి నిమిషం పట్టదు కాబట్టి చూడండి, కానీ మీది వేరే దశలో ఆగుతున్న మెషీన్. స్టాండ్‌బై బాగుంది, బోర్డు ఆకుపచ్చ వైరు ద్వారా సంకేతం కూడా ఇచ్చింది, ఎస్‌ఎంపీఎస్ ప్రధాన సరఫరాలను మొదలుపెట్టిన మరుక్షణమే షార్టును గమనించి ఆపేసింది. కరెంటు తీసేసి, ప్రాసెసర్ పక్కన విడిగా ఉండే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల 12 వోల్టుల కనెక్టర్‌ను తీసి మళ్లీ ప్రయత్నించండి. అది లేకుండా తెర మీద ఏమీ రాదు, కానీ ఫ్యాన్లు ఆగకుండా తిరిగితే షార్టు ప్రాసెసర్‌కు వోల్టేజి తయారుచేసే భాగంలోనో ప్రాసెసర్‌లోనో ఉందని అర్థం, అది బోర్డు రిపేరు చేసేవారికి చూపించవలసిన పని. అప్పటికీ క్షణంలోనే ఆగితే గ్రాఫిక్స్ కార్డు, డిస్కుల కరెంటు కనెక్టర్లు ఒక్కొక్కటిగా తీస్తూ చూడండి. చివరకు బోర్డును క్యాబినెట్ నుంచి విప్పి అట్టముక్క మీద పెట్టి ప్రయత్నించండి. బోర్డు కింద జారిపోయిన ఒక స్క్రూ, చోటు తప్పి బిగించిన ఒక ఇత్తడి స్టాండు ఇదే లక్షణం చూపిస్తాయి.